చిన్నతెరకు సంగీతనాటకము

హైదరాబాదునకు పడమట, గండిపేట చెఱువు చేరువనున్న కోకాపేట యిటీవల నేలల వేలముపాటకు ప్రసిద్ధి కెక్కినది. 2023 ఆగస్టు మాసమున అచట ఎకరము ధర గరిష్ఠముగ 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికినప్పుడు విన్నవారెల్ల ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. ఆ ప్రాంతముననే 2022 అక్టోబరు 1వ తేదీన, హాస్యనటులు కీర్తిశేషులు అల్లు రామలింగయ్యగారి శతజయంతినాడు, వారి వంశీయులు అల్లు స్టూడియోను తెఱచిరి. నేల వెలనుగూర్చి వ్రాయుట మా యుద్దేశము గాదు. అంత వెలగల నేలమీద లేచిన చిత్రీకరణశాలలలో ఎవరి కథ చెప్పబడును, ఎవరి పాట పాడబడును అనునదియే నేటి మా ప్రశ్న.

తెలుగునాటికి దూరదర్శనము వచ్చి యర్ధశతాబ్ది నిండినది. 1975 ఆగస్టు మొదలు ఏడాదిపాటు, అమెరికావారి యుపగ్రహము సాయమున ఆఱు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు బొమ్మను పంపిన ప్రయోగమున మన పల్లెలును చేరియుండెను. 1977 అక్టోబరు 23న హైదరాబాదు కేంద్రము వెలసినది. 1995లో జెమిని, ఈటీవీలు వచ్చినవి. అప్పటినుండి దైనిక ధారావాహికయే చిన్నతెర నేలుచున్నది. వారము వారము వచ్చు ప్రేక్షకుల లెక్కనుబట్టి దాని కథ పెరుగును, వంకరలు పోవును, చచ్చినవాడు తిరిగివచ్చును. 2017లో మొదలిడిన ‘కార్తీకదీపము’ 2023 జనవరిలో ముగియునప్పటికి పదునైదు వందలకు పైగా భాగములు నడచినది. దాని మూలము మలయాళమున నున్నది. ఆ నటీనటుల శ్రమను మేము తక్కువ చేయము. దినమున కొక భాగము తీయుట యెంతటి చాకిరియో యెఱిగినవారికే తెలియును. కాని ముగింపు తెలియక వ్రాయు కథకు శిల్పమెట్లు కుదురును?

ఇప్పు డా కట్టు సడలినది. సీజను అను క్రొత్త పద్ధతి వచ్చినది. ఆఱో యెనిమిదో భాగములు. మొదలు తుద ముందే వ్రాసికొని తీయుట. అన్నియు ఒకనాడే విడుదల చేయుట. తెలుగు కొఱకే 2020లో మొదలై, 2022లో తమిళమునకును విస్తరించిన ‘ఆహా’ వంటి వేదికలు ఇందులకు దారి వేసినవి. 2024 జనవరిలో ఈటీవీ వారి వేదికపై వచ్చిన ‘నైంటీస్’ అను ఆఱు భాగముల కథను జనులెంత యాదరించిరో యందఱెఱుగుదురు. అందు హత్యలు లేవు, పగలు లేవు. ఒక లెక్కల మాస్టరుగారి యిల్లు, పొదుపు, పిల్లల మార్కులు, ఉప్మా. మన యింటి మాట మన యింటి తెరపై విన్నంతనే జనులు చేరిరి. దీనినిబట్టి మాకొక ధైర్యము కలిగినది.

కథ సంగతి యిట్లుండగా సంగీతము మాటయేమి? పాటకు చిన్నతెరపై కఱవు లేదు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు 1996 నుండి ఈటీవీలో నడపిన ‘పాడుతా తీయగా’ మనము కల్పించుకొన్న సొంత పద్ధతి. పోటీ యనునది అందొక నెపము మాత్రమే. పిల్లవాడు పాడిన పాటలో కవి పలుకు, స్వరకర్త నేర్పు, గాయకుని యుచ్చారణ విడమఱచి చెప్పిన పాఠశాల యది. తరువాతి కాలమున 2001లో బ్రిటనులో పుట్టిన ‘పాప్ ఐడల్’, అమెరికా మీదుగ 2004లో హిందీకి, 2022లో ‘ఆహా’ ద్వారా తెలుగునకు చేరినది. బిడ్డలు చక్కగనే పాడుచున్నారు. అయినను అది నాటకము గాదు. పాట కథను మోయదు. ఇతరుల సినిమాలలోని పాట తిరిగి పాడబడును, మార్కులు వేయబడును, అంతటితో సరి. హిందీవారు 2020లో ‘బందిష్ బాండిట్స్’ అను కథావళిలో జోధపూరు సంగీత ఘరానానే కథావస్తువుగ గొనిరి. 2024లో రెండవ సీజను తీసిరి. త్యాగరాజస్వామి కృతులను, క్షేత్రయ్య పదములను కన్న భాషకు అట్టి దొక్కటి లేకుండుట మాకు లజ్జాకరముగ తోచుచున్నది.

చిన్నతెరకే సంగీతనాటకము వ్రాయుట విడ్డూరమైన తలంపని కొందఱనవచ్చును. అమెరికాలో 1951 డిసెంబరు 24వ రాత్రి, మెనోటి యను స్వరకర్త టెలివిజను కొఱకే కూర్చిన గేయనాటకమొకటి ప్రసారమైనది. ఒక కుంటి పిల్లవాడు, వాని పేద తల్లి, దారిని బోవు ముగ్గురు రాజులు: ఇంతియే కథ. గంటకు లోపుగ ముగియును. మొదట చిన్నతెరపై పుట్టిన యా నాటకము పిదప పాఠశాలలకు, దేవాలయములకు ప్రాకి నేటికిని ఆడబడుచున్నది. 1957 మార్చి 31న రాడ్జర్సు, హామర్‌స్టీనులు అట్లే తెరకని వ్రాసిన ‘సిండెరెల్లా’ను ఒక్క సాయంకాలమున పదికోట్ల మందికి పైగా చూచిరని లెక్క. రంగస్థలముపై నాడి యరిగిపోయిన నాటకమును తెచ్చి యంత్రమునకు చూపుట గాక, తెరకు తగిన కొలతతో క్రొత్తగ కూర్చుటయే వారి విజయమునకు కారణము.

మన కట్టి కూర్పునకు మూలధనమెచట నున్నది? దూరము పోనక్కఱలేదు. కోకాపేటకు కొద్ది మైళ్లలో శేరిలింగంపల్లియందు సురభి కాలనీ యున్నది. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ నాడించినది మొదలు, ఈ కుటుంబములవారు తరతరములుగ నాటకమే యిల్లుగ, ఇల్లే నాటకముగ బ్రదికినవారు. స్త్రీ వేషములు స్త్రీలే కట్టిన తొలి సమాజములలో వీరిది యొకటి. ‘మాయాబజారు’లో ఘటోత్కచుని విందు, ‘భక్తప్రహ్లాద’లో స్తంభము చీల్చుకొని వెడలు నరసింహుడు, మబ్బులనుండి దిగు నారదుడు, ఆకాశమున ఢీకొను బాణములు - ఇవన్నియు త్రాళ్లతో, కప్పీలతో, తెరలతో, దీపములతో ప్రేక్షకుని కన్నుల యెదుటనే వీరు కల్పింతురు. హార్మోనియము ముందు కూర్చున్నవాడు నటుని ఊపిరిని కనిపెట్టి శ్రుతి నందించును. నటుడు తానే పాడును. పెదవులు కదపి యెవరి గొంతునో యరువు దెచ్చుకొనడు. 1932లో వచ్చిన మన తొలి టాకీ ‘భక్తప్రహ్లాద’కు సైతము వీరి రంగస్థలమే దిక్కైనది, అందు సురభి కమలాబాయిగారు లీలావతి వేషము ధరించిరి. సినిమా వీరివద్ద పాట నేర్చి పెరిగి, పెరిగిన పిమ్మట వీరి గుడారము నొంటరిగ వదలినది. ఒకప్పుడు పదుల సంఖ్యలో నుండిన సురభి సమాజములను నేడు వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఆ బిడ్డలు చదువుకొని దగ్గరనున్న కంప్యూటరు కంపెనీలకు పోవుచున్నచో వారిని తప్పుపట్టు వారెవరు? కడుపు నిండని కళను కాపాడుమని యితరులకు చెప్పుట సులభము.

పద్యమన్నచో నేటి యువకులు పాఱిపోవుదురని నిర్మాతల మాట. మేము నమ్మము. ఆ యువకులే కొరియా కథావళులను, అడుగున వ్రాసిన యక్షరములను చదువుకొనుచు, రాత్రులు మేల్కొని చూచుచున్నారు. తెలియని భాషను సహించినవారు తెలిసిన పద్యమును సహింపరా? మన పల్లెలలో తిరునాళ్లనాటి రాత్రి రాయబారము, చింతామణి, హరిశ్చంద్ర యిప్పటికిని ఆడుచునే యున్నవి. అయినను ఒక మాట యొప్పుకొనవలెను. కడపటి బల్లమీది వానికి వినబడవలెనని సాగదీసిన రాగము మూరెడు తెరపై ఇమడదు. అచట నటుని కన్నే పద్యములో సగము పలుకును. ఆలాపన కుదింపవలెను, వచనములోనుండి పద్యములోనికి పోవుట, మాటాడువాడు తనకు తెలియకయే పాటలోనికి జాఱినట్లుండవలెను. స్థానము నరశ్రుతి దించినను తప్పులేదు. దీనికి క్రొత్త కవియు, క్రొత్త స్వరకర్తయు, పాత హార్మోనిస్టును ఒక గదిలో కొన్ని నెలలు కూర్చుండవలెను. ఆ కొన్ని నెలల కూలియే మా యడుగునది.

కోకాపేట చిత్రీకరణశాలల వారు అపరాధ పరిశోధనములకు వెచ్చించు ధనములో ఒక సీజను పాటి దీనికి కేటాయింపలేరా? లాభమే చూతుమందురేని, ఊరక యిచ్చువేదిక యింకొకటి యున్నది. ప్రసారభారతి 2024 నవంబరులో ‘వేవ్స్’ అను సొంత వేదికను తెఱచినది. ప్రజాధనముతో నడచు నా సంస్థ ప్రయోగమునకు వెనుదీయుటకు కారణము లేదు. ఎకరములు వేలము వేసి ఖజానా నింపుకొను రాష్ట్ర ప్రభుత్వము, శేరిలింగంపల్లి కళాకారులు అభ్యాసము చేసికొనుటకు ధ్వని సదుపాయముగల యొక శాల కట్టియిచ్చుట యేమంత భారము?

ఒప్పందముల సంగతి మాత్రము ముందుగనే తేల్చుకొనవలెను. తొలి టాకీనాడు జరిగినట్లు పాట నొకరు, పేరు నొకరు కొనిపోరాదు. కట్టు తెలిపిన సమాజము పేరు ప్రతి భాగము మొదటను కనబడవలెను. కథ యితర భాషలకు అమ్ముడుపోయినప్పుడు వచ్చు పైకమున పాడినవారికి, వాయించినవారికి, త్రాడు లాగినవానికి సైతము భాగముండవలెను. ఈ నిబంధనలు కాగితముపై బెట్టుటకు నిర్మాతలలో ముందుకు వచ్చువారెవరో చూతము.