బాలురు - పొగాకు

విద్యాలయమునకు 100 గజములలోపల పొగాకు వస్తువులను విక్రయింపరాదనియు, 18 ఏండ్లు నిండనివారికి ఎచ్చటను అమ్మరాదనియు 2003 సంవత్సరపు శాసనము విధించినది. బాలునికి పొగాకు నిచ్చినవానికి 7 ఏండ్లవరకు కఠిన కారాగారశిక్ష విధింపవచ్చునని 2015 సంవత్సరపు బాలన్యాయ శాసనము చెప్పుచున్నది. శాసనములకు కొదువ లేదు. అయినను బడిగంట మ్రోగగనే బడ్డీకొట్టుచుట్టు బాలురు మూగుట నిత్యము చూచుచున్నాము. పెట్టె కొనలేని బాలునికి విడి సిగరెట్టు సులభముగా దొరకుచున్నది. ఎదుగుచున్న మెదడును నికొటిను శీఘ్రముగా లోబరచుకొనును. నేటి వేడుక రేపటి వ్యసనమగును.

కొట్టువానిని మాత్రము నిందించి ఊరకుండుట న్యాయము కాదు. కుమారుని చేతికి డబ్బిచ్చి 'చుట్టలు తెమ్ము' అని పంపు తండ్రియే ఈ విద్యలో ప్రథమోపాధ్యాయుడు. తండ్రులు ఆ పనిని నేడే మానవలెను. ఉపాధ్యాయులు బడియెదుటి విక్రయములను అధికారులకు తెలుపవలెను. అధికారులు శాసనమును అమలుజరుపవలెను. బాలుర ఊపిరితో లాభమార్జించు వర్తకమును సహించు జాతికి స్వాతంత్ర్యము శోభింపదని మా అభిప్రాయము.