దుడ్లిచ్చి నాటేవాళ్ళు, దుడ్లకు నాటేవాళ్ళు

మన పడమటి మండలాల్లో ఈమధ్య ఒక కొత్త రకం సేద్యం మొదలైంది. పంటను అమ్ముకునే సేద్యం కాదిది, సేద్యాన్నే అమ్ముకునే సేద్యం. శనివారం తెల్లవారి బెంగుళూరులో కార్లు బయలుదేరతాయి. రెండు మూడు గంటల్లో పుంగనూరు దగ్గరో, కుప్పం దగ్గరో, మదనపల్లె అవతల హార్సిలీ కొండ కిందనో ఒక తోట ముందర ఆగుతాయి. దిగినవాళ్ళు బురదలో కాళ్ళు పెడతారు, ఆవుకు గడ్డి వేస్తారు, రాగి సంగటి తింటారు, ఆదివారం సాయంత్రానికి వెళ్ళిపోతారు. దీన్ని వ్యవసాయ పర్యాటకం అంటున్నారు. గేటు మీద ఆర్గానిక్ ఫారం రిసార్టు అని రాసి ఉంటుంది.

అలాంటి ఒక తోటకు మొన్న మేము ముగ్గురం పోయాము. విహారానికి కాదు, అక్కడ పనిచేసే ఆడకూలీలు పదకొండు మంది రమ్మని కబురు పెడితే పోయాము. ఆ తోట పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క తోట సంగతి కాదు కాబట్టి పేరుతో పని లేదు.

తోటలో పది సెంట్ల కయ్య ఒకటి ఉంది. ఏడాది పొడవునా దాన్ని దమ్ము చేసి, నీళ్ళు నిలబెట్టి ఉంచుతారు. వరి పండించేదానికి కాదు. అతిథి ఏ నెలలో వచ్చినా దిగేదానికి బురద ఉండాల గదా! పక్క ఊళ్ళో వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా తడి తగలక రైతు తలపట్టుకుని కూర్చుంటే, ఇక్కడ బురద కోసం బురదను కాపాడుతున్నారు. అతిథులు వచ్చినప్పుడు ఆడవాళ్ళు ఎర్ర చీరలు కట్టుకుని (చీరలు తోటవాళ్ళే ఇస్తారు, సాయంత్రం మడిచి తిరిగి అప్పజెప్పాలి) గట్టున నారు కట్టలు పట్టుకుని నిలబడతారు. ఎట్ల నాటాలో చూపిస్తారు. నాటేటప్పుడు పాడే పాట పాడతారు. అతిథులు ఒక పావుగంట నాటి, ఫోటోలు తీసుకుని, కాళ్ళు కడుక్కుని పోతారు. వాళ్ళు నాటింది ఒకటి పడిపోయి, ఒకటి తేలిపోయి ఉంటుంది. దాన్నంతా పీకి, మళ్ళీ వరసగా నాటి, మరుసటి వారం కొత్తవాళ్ళు వచ్చేసరికి మళ్ళా పీకి ఖాళీ చేయాలి.

"ఇరవై ఏండ్లుగా నాట్లు వేస్తా ఉండానన్నా. కోతకు రాని కయ్యలో నాటేది ఇదే మొదలు" అన్నది ఒక అక్క.

తగాదా ఎక్కడ వచ్చిందంటే, మామూలు రోజు కూలి 350 రూపాయలు. అతిథులు కయ్యలో దిగే రోజు మాత్రం 200. ఎందుకయ్యా అంటే, "నాటేది వాళ్ళు గదా, మీరు ఊరికే పక్కన నిలబడేదే గదా" అని మేనేజరు జవాబు. ఆఫీసు గదిలో గోడకు తగిలించిన రేట్లు మేము చదివాము. ఒక గది ఒక రాత్రికి 6,000 రూపాయలు. నాట్లు, పాలు పితికేది, ఎద్దుల బండి షికారు అన్నీ అందులోనే కలిపి. అంటే అతిథి దుడ్లు ఇచ్చేది ఆ నాట్లు చూసేదానికే, ఆ పాట వినేదానికే. ఆ పాట ఏ మేనేజరూ నేర్పింది కాదు, వాళ్ళ అమ్మల దగ్గర, అవ్వల దగ్గర నేర్చుకున్నది. సరుకు అమ్ముడుపోయిన రోజే సరుకు చేసినవాళ్ళకు కూలి తగ్గింది! 2025-26 సంవత్సరానికి ఉపాధి హామీ పనికి ఈ రాష్ట్రంలో సర్కారు ప్రకటించిన కూలే 307 రూపాయలు. గుంత తవ్వినదానికన్నా నవ్వుతూ నిలబడి పాడినదానికి తక్కువ అన్నమాట.

వచ్చినవాళ్ళ మీద మాకు కోపం లేదు. ఆ రోజు వచ్చినవాళ్ళలో ఒక కుర్రవాడు బెంగుళూరులో కంప్యూటరు పని చేస్తాడు. వాళ్ళ తాత కోలారు పక్క రైతేనట. "రోజంతా ఇట్ల వంగితే నడుము నొప్పి రాదా అక్కా?" అని అడిగినాడు. "నొప్పి వస్తే పండుకునేదానికి తీరిక ఉండాల గదా నాయనా" అన్నది ఆమె. అతను ఆ తర్వాత ఫోటోలు తీయడం మానేసినాడు. పట్నంలో మేడల మధ్య నలిగేవాడికి మట్టి వాసన కావాలనిపించడం తప్పు కాదు. ఆ మట్టి వాసనకు కట్టిన ధరలో మట్టి పిసికినవాళ్ళ వాటా ఎంత అన్నదే మా ప్రశ్న.

మన సీమకు విహారానికి రావడం కొత్తేమీ కాదు. ఏనుగు మల్లమ్మ కొండ అని మనవాళ్ళు పిలుచుకునే కొండ మీద 19వ శతాబ్దంలో కడప కలెక్టరు హార్సిలీ దొర ఎండాకాలం బంగళా కట్టుకున్నాడు. కొండకు ఆయన పేరే మిగిలింది. ఆ బంగళాకు రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. పుంగనూరులో, కుప్పం పక్కన కంగుందిలో జమీందారీలు ఉండేవి. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి గాని, చూసేవాడికీ చేసేవాడికీ మధ్య దూరం పోలేదు.

కుప్పానికి అయితే ఈ చూపుళ్ళ సేద్యం ఇంకా బాగా తెలుసు. 1990ల రెండో సగంలో అక్కడ ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం అని పెట్టారు. చిన్న రైతుల గట్లు చెరిపి, చెక్కలన్నీ ఒకటి చేసి, డ్రిప్పు పైపులు పరచి, ఎక్కడెక్కడి నుంచో మంత్రుల్నీ అధికారుల్నీ తెచ్చి చూపించారు. సొంత పొలంలోనే రైతు కూలివాడయ్యాడని ఆనాడే విమర్శ వచ్చింది. చూసిపోయినవాళ్ళు ఆహా అన్నారు. గట్టు ఎక్కడుండేదో వెతుక్కున్నది మాత్రం రైతు. ఇప్పుడు వచ్చే తోటల గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మనవాళ్ళు మరిచిపోకూడదు.

ఇక పుంగనూరు ఆవు. మూడడుగులు కూడా నిండని ఎత్తు, తక్కువ మేత, చిక్కటి పాలు. కరువు సీమ పేదరైతు ఇంటికి సరిపోయిన ఆవు అది. సంకర జాతి ఆవులు, పాల డెయిరీలు వచ్చాక లీటర్ల లెక్కలో అది ఓడిపోయింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాని సంతతిని కాపాడుకుంటూ వచ్చారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో ఈ ఆవులకు మేత తినిపించిన ఫోటోలు దేశమంతా చూసింది. ఇప్పుడు దాని ధర లక్షల్లో పలుకుతోంది. మేము పోయిన తోటలో రెండున్నాయి. వాటికి గోనెగుడ్డ కాదు, కుట్టించిన దుప్పట్లు. వాటిని కడిగే ముసలాయన చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో అలాంటివి మూడు ఉండేవట. "అప్పుడు అవి మా ఆవులు. ఇప్పుడు నేను వాటి మనిషిని" అని నవ్వినాడు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మందులు లేని సేద్యానికి మేము వ్యతిరేకం కాము. టమాటా తోటల్లో మందు కొట్టి కళ్ళు మండి, తల తిరిగి పడిపోయిన కూలీలను మోసుకుని మదనపల్లె ఆస్పత్రికి పరుగెత్తినవాళ్ళం మేము. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపితే సంతోషించినవాళ్ళం. 2016 నుంచి రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి సేద్యం నడుస్తోంది. అయితే మందు పోయినచోట ఏమి వచ్చింది? మనిషి వచ్చాడు. కలుపు మందు కొట్టకపోతే వంగి చేత్తో తీయాలి, అది ఆడవాళ్ళ పని. ఎకరాకు జీవామృతం అంటే 200 లీటర్ల నీళ్ళల్లో పది కిలోల పేడ, ఆవు పంచితం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి. దాన్ని పూటపూటా కలియబెట్టేది, మోసేది, పోసేది ఎవరు? ఆర్గానిక్ పంట ధరలో ఈ చేతుల ధర కూడా కలిసి ఉంది. కిలో టమాటాకు పట్నంలో ఎక్కువ ఇచ్చేవాడు మందు లేనందుకు ఇస్తున్నాననుకుంటాడు. నిజానికి ఆ ఎక్కువ, ఎక్కువైన పనిది.

టమాటా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాము. 2023 జూలై నెలాఖరులో మదనపల్లె మార్కెట్‌లో కిలో 200 రూపాయల దాకా పోయింది. కొన్ని వారాలకే పాతాళానికి దిగి, మళ్ళీ కోత కూలి కూడా గిట్టని స్థితి వచ్చింది. ఇట్లాంటి జూదంలో నలిగిన రైతు, నాలుగు గదులు కట్టి అతిథులను పిలిస్తే నిలకడగా నాలుగు రాళ్ళు వస్తాయని ఆశపడితే మేము వద్దనము. అయిదెకరాల రైతు తన ఇంట్లోనే నలుగురికి భోజనం పెట్టి సంపాదించుకునేది వేరు, బెంగుళూరు కంపెనీ యాభై ఎకరాలు చుట్టేసి కంచె వేసేది వేరు. ఇటలీలో 1985లో దీనికొక చట్టం చేశారు. అక్కడ అతిథుల వ్యాపారం చేసేవాడు రైతై ఉండాలి, సేద్యమే ప్రధానంగా ఉండాలి, పర్యాటకం దాని వెనక నడవాలి. మహారాష్ట్ర కూడా 2020లో వ్యవసాయ పర్యాటక విధానం తెచ్చింది. మన రాష్ట్రం 2024లో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. మంచిదే. పరిశ్రమ అంటే కార్మికుడు కూడా ఉంటాడు గదా, వాడి హోదా ఏమిటి?

కిటుకంతా ఇక్కడే ఉంది. గది అద్దె వసూలు చేసేటప్పుడు అది హోటలు. కూలి ఇచ్చేటప్పుడు అది సేద్యం. వంట చేసే మనిషి, గదులు ఊడ్చే మనిషి, దుప్పట్లు ఉతికే మనిషి అందరూ మస్టరులో వ్యవసాయ కూలీలే. ఎందుకంటే హోటలు పనివాళ్ళు పదిమంది ఉంటే ఈఎస్ఐ లెక్కలోకి వస్తారు, ఆ పైన పీఎఫ్ అడుగుతారు. బోరుకేమో 2004 నుంచి సేద్యానికిచ్చే ఉచిత కరెంటు. ఆ బోరు నీళ్ళు కయ్యకు పోతున్నాయా, ఈతకొలనుకు పోతున్నాయా? మేము అడిగితే మేనేజరు మాట మార్చినాడు. 2002 నాటి నీరు, భూమి, చెట్టు చట్టం కింద అధికారులు వచ్చి చూడవలసిన సంగతి ఇది. పేదరైతు బోరుకు మీటరు పెట్టాలని మాట్లాడేవాళ్ళు ముందు ఈతకొలనుకు పెట్టమనండి.

భూమి విషయం ఇంకా పెద్దది. కర్ణాటకలో సేద్యం చేయనివాడు, బయట ఆదాయం ఎక్కువ ఉన్నవాడు పొలం కొనకుండా భూసంస్కరణల చట్టంలో 79-ఎ, 79-బి అని సెక్షన్లు ఉండేవి. వాటిని 2020లో తీసేశారు. మనవైపు అలాంటి అడ్డు లేదు కాబట్టి బెంగుళూరు డబ్బు ఏనాడో సరిహద్దు దాటింది. కొండవారల్లో, చెరువు పైభాగాల్లో ఉన్నవి చాలావరకు డీకేటీ పట్టాలు, దళితులకూ పేదలకూ ఇచ్చినవి. 1977 చట్టం వాటిని అమ్మకూడదన్నది. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి 20 ఏండ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక అలా విడిపించిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. ఈలోగా 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయాయి. అది మామూలు ప్రమాదం కాదన్న అనుమానంతో దర్యాప్తు జరిగింది. కాగితం కాలిపోతే పేదవాడి చేతిలో మిగిలేది నోటి మాట ఒక్కటే. అందుకే ప్రతి ఊళ్ళో పట్టా ఉన్నవాళ్ళు దాని నకళ్ళు రెండు మూడు తీసి వేరువేరు చోట్ల దాచుకోవాలని చెబుతున్నాము. కంచె వేసే ముందే వాగు దారి, మేకలు పోయే దారి, శ్మశానం దారి ఏ సర్వే నంబరులో ఉన్నాయో అడిగి రాయించుకోవాలి. కంచె పడినాక అడిగితే వాచ్‌మన్ జవాబు చెబుతాడు.

మాలోనే ఒక తగవు ఉంది, దాచుకోము. ఈ తోటలను అసలు రానీయకూడదని కొందరు కార్యకర్తలు అంటున్నారు. ఆ పదకొండు మందిలో నలుగురు మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. "మండీలో క్రేట్లు ఎత్తేదానికన్నా ఇది నయం. నీడ ఉంది, మందు వాసన లేదు, వానలు లేకపోయినా పని ఉంటుంది. నా కొడుకు దినామూ కుప్పంలో రైలెక్కి బెంగుళూరుకు పోయి ఇటుకలు మోస్తాడు. వానికి ఇక్కడ పని ఇప్పించండి, తోట మూయించేది తర్వాత" అన్నది ఒకామె. ఆమెకు చెప్పేదానికి మా దగ్గర సరైన జవాబు లేకపోయింది. పని పోగొట్టి న్యాయం తెచ్చామంటే ఎవరూ మెచ్చరు. తోట ఉండనీ, పని ఉండనీ, కాని లెక్క సరిగా ఉండాలి అన్న చోటికి ఆ సాయంత్రం అందరం వచ్చాము.

అర్జీ రాసుకున్నాము. అతిథులు దిగిన రోజైనా, దిగని రోజైనా ఒకే కూలి. పాటకు, చూపించే పనికి వేరే బత్తెం. పీకి మళ్ళీ నాటే పని కూడా పనే, దానికి గంటల లెక్క. వంట, గదుల పనివాళ్ళను హోటలు కార్మికులుగా రాయాలి. చీర ఇస్తే ఇచ్చినట్టు ఇవ్వాలి, లేదా వాళ్ళ చీరలోనే నాటనివ్వాలి. ఈ చీర మాట మేము రాయలేదు, ఆడవాళ్ళే పట్టుబట్టి రాయించారు. మొదట మాకు చిన్న విషయంగా తోచింది. "మా చీర చూస్తే వాళ్ళకు పల్లె మాదిరి కనపడలేదంట" అని వాళ్ళు చెప్పినాక అర్థమైంది.

ఫోటోలు తీసే ముందు అడగాలని కూడా చివర్లో చేర్చాము.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే వేళకు పదకొండు మందీ వస్తున్నారు. చుట్టుపక్కల తోటల్లో పనిచేసేవాళ్ళు కూడా రావాలి. ఆదివారం సభ పెట్టుకుంటే బాగుండునని మొదట అనుకున్నాము గాని, ఆదివారం అతిథులు ఉంటారు, కయ్యలో నిలబడాలి, వీలుకాదన్నారు.