డ్రమ్ములో జనాభా లెక్కలు

నందవరమనగానే చాలామందికి చౌడేశ్వరీదేవి గుడి జ్ఞాపకం వస్తుంది. అది బనగానపల్లె దగ్గరి నందవరం. నేను చెప్పబోయేది ఎమ్మిగనూరు పక్కనున్న నందవరం. ఇక్కడ ఈమధ్య ఇద్దరు అన్నదమ్ములకు ఒక శాస్త్రీయ వివాదం వచ్చింది. వివాదానికి కారణం రెండువందల లీటర్ల డ్రమ్ము. అందులో ఉన్నది జీవామృతం.

పట్నంలో ఉండే పాఠకుల కోసం దాని పాకం చెబుతాను. పది కిలోల ఆవుపేడ, ఐదు నుంచి పది లీటర్ల గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, పొలం గట్టు మీది గుప్పెడు మట్టి, రెండువందల లీటర్ల నీళ్లు. రెండు రోజులు పూటపూటా కలియబెట్టి పొలానికి పారిస్తారు. 2016 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వమే ప్రకృతి వ్యవసాయం పేరిట దీన్ని రైతులకు నేర్పిస్తున్నది.

"సారూ, దీంట్లో కోట్ల జీవులుండాయి. భూమికి ఇంకేమీ అక్కర్లేదు" అన్నాడు అన్న.

"పేడనీళ్లు పేడనీళ్లే సార్. దుకాణంలో జీవన ఎరువు పొట్లం తెచ్చుకుంటే సరిపోతుంది, మాయన్న వినడు" అన్నాడు తమ్ముడు.

తెలుగు చెప్పుకునేవాణ్ణి ఈ సంగతి అడగడమేమిటని మీరు నవ్వవచ్చును. మా వైపు ఎం.ఏ. అంటే అన్నీ చదివినవాడని అర్థం! అయితే నవ్వి ఊరుకునే ప్రశ్న కాదిది. వాళ్లు వేరుశనగ వేసేది మూడెకరాలు. ఆ మూడెకరాల మీదనే బ్యాంకు అప్పు, ఆడపిల్ల చదువు ఆధారపడి ఉన్నవి. కనుక కోట్లు అనే మాట ఎవరు లెక్కపెట్టి చెప్పారో, ఎట్లా లెక్కపెట్టారో విచారించాను.

పాత పద్ధతి ఒకటున్నది. దాని పుట్టుక వంటింట్లో. జర్మనీలో రాబర్టు కాక్ ప్రయోగశాలలో పనిచేసిన హెస్సే అనే డాక్టరుగారు సూక్ష్మజీవులను జెలటిన్ మీద పెంచుతూ ఉండేవాడు. ఎండాకాలం అది కరిగిపోయేది. ఆయన భార్య ఫానీ హెస్సే, తాను జెల్లీలు చేయడానికి వాడే అగార్ వేసి చూడమని 1881లో సలహా చెప్పింది. మన ఇళ్లలో చైనాగ్రాస్ అని పిలిచేది అదే. నేటికీ ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ ఆ ఇల్లాలి చిట్కాతోనే నడుస్తున్నవి.

లెక్క సులభం. ఒక మిల్లీలీటరు జీవామృతాన్ని తొమ్మిది మిల్లీలీటర్ల శుద్ధమైన నీటిలో కలిపితే పదోవంతు పలచనవుతుంది. ఆ నీటితో మళ్లీ అదే పని, మొత్తం ఆరుసార్లు. చివరికి పది లక్షలవంతు పలచన. అందులో ఒక మిల్లీలీటరు అగార్ పళ్లెంలో పోస్తే, బ్రతికి ఉన్న ఒక్కొక్క జీవి పెరిగి కంటికి కనిపించే చుక్క అవుతుంది. చుక్కలు 43 వస్తే, డ్రమ్ములోని ప్రతి మిల్లీలీటరులోనూ 4 కోట్ల 30 లక్షల జీవులున్నట్లు.

అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. పెళ్లి పందిట్లో వరి అన్నం మాత్రమే వడ్డించి, వచ్చి కూర్చున్నవారిని లెక్కపెట్టి, నందవరంలో జొన్నరొట్టె తినేవారే లేరంటే ఎట్లా ఉంటుంది? పళ్లెం లెక్క కూడా అంతే. మనం పెట్టిన తిండి, మనం ఇచ్చిన వేడి సరిపడిన జీవులే అందులో పెరుగుతాయి. మట్టిని సూక్ష్మదర్శినిలో చూస్తే కనిపించేవాటిలో నూటికి ఒక్కటి కూడా పళ్లెంలో మొలవకపోవడం మామూలు.

మిగిలిన తొంభైతొమ్మిదింటి మాటేమిటి? వాటిని పెంచనక్కరలేదు, చదివితే చాలునన్నది కొత్త పద్ధతి. అమెరికాలో కార్ల్ వోస్ అనే ఆయన 1977 నాటికే దీనికి దారి వేశాడు. ప్రతి బాక్టీరియాలోనూ మాంసకృత్తులు తయారుచేసే యంత్రానికి సంబంధించిన ఒక జన్యువున్నది. సుమారు 1,500 అక్షరాల పొడుగు. అందరిలోనూ ఉన్నా, జాతిజాతికీ కొన్ని అక్షరాలు మారతాయి. కనుక జీవులను పగలగొట్టి, డి.ఎన్.ఏ. తీసి, ఆ జన్యువును మాత్రం లక్షల ప్రతులుగా పెంచి, యంత్రంచేత చదివిస్తారు.

అక్కడినుంచి కంప్యూటరు చేసే పని మాబోటి తెలుగువారికి చిరపరిచితమైనదే. బ్రౌనుదొర వేమన పద్యాల తాళపత్ర ప్రతులు సంపాదించి, పక్కపక్కన పెట్టి చూపించలేదూ? ఒక అక్షరం తేడా వస్తే అది నిజమైన పాఠాంతరమా, లేఖకుడి పొరపాటా అని పరిష్కర్త ఆలోచిస్తాడు. యంత్రమూ పొరపాట్లు చదువుతుంది. వెయ్యి ప్రతుల్లో ఉన్న పాఠానికి ఒక్క అక్షరం తేడాతో ఒకే ఒక్క ప్రతి కనిపిస్తే, అది చదవడంలో వచ్చిన తప్పేనని కంప్యూటరు అనుమానిస్తుంది. మిగిలినవాటిని ఇంతకుముందు పోగుచేసిన పట్టికలతో సరిచూసి పేర్లు పెడుతుంది.

ఇంత గొప్ప పద్ధతికీ లోట్లున్నవి. బ్రతికినదాని డి.ఎన్.ఏ.నే కాదు, చచ్చినదాని డి.ఎన్.ఏ.నూ అది చదువుతుంది. పరీక్షకు వాడే మందునీళ్లలోని జీవులు సైతం జాబితాలో చొరబడతాయి. అందుకే తెలివైనవారు ఏమీ కలపని ఉత్త నీటిని కూడా చదివించి పక్కన పెట్టుకుంటారు. అన్నిటికంటే పెద్ద చిక్కు, అది చెప్పేది పాలు మాత్రమే, లెక్క కాదు. ఒకనాడు ఆదోని మార్కెట్టుకు 600 బస్తాల పత్తి, 400 బస్తాల వేరుశనగ వచ్చాయనుకోండి. మర్నాడు పత్తి 200 బస్తాలే వచ్చింది. వేరుశనగ ఒక్క బస్తా పెరగకపోయినా, దాని పాలు నూటికి 40 నుంచి సుమారు 67కు ఎగబాకుతుంది! "మంచి బాక్టీరియా పెరిగింది" అనే మాట వినబడితే ఈ బస్తాలను తలచుకోండి.

అందుకే నిజమైన పరిశోధకులు రెండు సాక్ష్యాలనూ పిలుస్తారు. 2005లో హైదరాబాదునుంచి ఎగరవేసిన బెలూను 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టి తెచ్చింది. దానిని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వారు, పూనాలో మరొక సంస్థవారు విడివిడిగా పరీక్షించారు. పెంచి చూస్తే 12 బాక్టీరియా చుక్కలు, 6 బూజు చుక్కలు వచ్చినవి. జన్యువు చదివి చూస్తే, బాక్టీరియాలో మూడు కొత్త జాతులని తేలినట్లు 2009లో ఇస్రో ప్రకటించింది. ఒకదానికి ఆర్యభట్టుని పేరు పెట్టారు. తరువాత, ఒక్క జన్యువు కాక మొత్తం డి.ఎన్.ఏ.ను పోల్చినవారు, ఇది బాసిల్లస్ మెగటీరియం అనే పాత జాతిలోనిదేనన్నారు. అదేమో మట్టిలోని భాస్వరాన్ని కరిగిస్తుందని రైతులకు పొట్లాలలో అమ్మే జీవి! చదువు పెరిగినకొద్దీ పేరు మారుతుంది.

ఆ పొట్లాల సంగతీ చెప్పాలి. పొడి రూపంలోని జీవన ఎరువులో గ్రాముకు కనీసం 5 కోట్ల జీవులుండాలని చట్టం. అవి బ్రతికి ఉండవలసినవి కనుక అక్కడ లెక్కకు వచ్చేది పాత పళ్లెం పద్ధతే. గడువు దాటిన పొట్లమూ, ఎండలో మాడిన పొట్లమూ ఉత్త దుమ్ము. డ్రమ్ములోనూ అంతే: బెల్లం ఉన్నన్నాళ్లు కొందరు విజృంభిస్తారు, అయిపోగానే జనాభా మారిపోతుంది. అందుచేతనే వారంలోగా వాడమంటారు.

ఇంతకీ పళ్లెం చెప్పేది ఎందరు బ్రతికారని. కంప్యూటరు చెప్పేది ఎవరెవరున్నారని. వారు పైరుకు ఏమి చేశారో చెప్పవలసింది పొలమే. ఒకే విత్తనం, ఒకే నీరు. ఒక పట్టెకు జీవామృతం, పక్క పట్టెకు పొట్లం, మూడో పట్టెకు ఏమీ లేదు. ఇట్లా పొలంలో మూడు నాలుగుచోట్ల వేసి, కాయలు విడివిడిగా తూచాలి. పూత సమయంలో మొక్క పెరికి వేరుబుడిపెను గోటితో చీల్చి చూడవచ్చు. లోపల గులాబీరంగుంటే నత్రజని పని జరుగుతున్నట్లు. తెల్లగానో పచ్చగానో ఉంటే లేనట్లు. దీనికి కంప్యూటరు అక్కరలేదు. అన్న మాటా తమ్ముడి మాటా రెండూ ఆ తక్కెడలోనే తేలాలి.