అమ్మ పట్టిన అట్టముక్క

న్యూయార్క్‌ చూడ్డానికి వెళ్లిన తెలుగువాళ్లలో ఫ్లషింగ్‌ గణపతి గుడికి వెళ్లనివాళ్లు తక్కువ. దర్శనం అయ్యాక కింద క్యాంటీన్లో దోసె తినడం కూడా యాత్రలో భాగమే! అదే ఫ్లషింగ్‌లో, 171వ వీధిలో కొంత భాగానికి 2014లో ఒక కుటుంబం పేరు పెట్టారు. తల్లి జీన్‌, తండ్రి జూల్స్‌, కొడుకు మోర్టీ. ఇంటిపేరు మాన్‌ఫర్డ్‌. వీధికి పేరు పెట్టేంత గొప్పపని ఏం చేశారా అంటే... ఒక ఆదివారం తల్లీకొడుకులు కలిసి రోడ్డు మీద నడిచారు. మిగతాదంతా అక్కడినుంచే మొదలైంది.

జీన్‌ చిన్నపిల్లల స్కూల్లో టీచరు. జూల్స్‌ పళ్ల డాక్టరు. ఆవిడది మెత్తని స్వభావం. నలుగురిలో మాట్లాడాలంటేనే బిడియం. పెద్దకొడుకు 1966లోనే చనిపోయాడు. ఆ దుఃఖం ఇంట్లో ఉండగానే రెండో కొడుకు మోర్టీ గే అని తెలిసింది. అంటే అతని మనసు అమ్మాయిల మీదికి పోదు, అబ్బాయిల మీదికే పోతుంది. ఆ రోజుల్లో అమెరికాలో కూడా అది డాక్టర్ల లెక్కలో జబ్బు. అక్కడి మానసిక వైద్యుల సంఘం దాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది 1973 డిసెంబరులో. న్యూయార్క్‌ చట్టం ప్రకారమైతే అప్పటికింకా నేరమే. అయినా జీన్‌ కొడుకుని మార్చాలని చూడలేదు. ఒక కొడుకుని పోగొట్టుకున్న తల్లికి ఇంకో కొడుకుని దూరం చేసుకోవడానికి మనసెలా ఒప్పుతుంది?

1972 ఏప్రిల్లో మాన్‌హటన్‌లోని ఓ పెద్ద హోటల్లో నాయకులూ పత్రికలవాళ్లూ కలిసే విందు జరుగుతోంది. తమ గురించి పత్రికలు రాస్తున్న తీరు బాగాలేదంటూ కరపత్రాలు పంచడానికి మోర్టీ, అతని స్నేహితులు లోపలికి వెళ్లారు. అక్కడ వాళ్లని చితకబాదారు. పోలీసులు చూస్తూ నిలబడ్డారు. కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసిన ఆ తల్లి ఏడుస్తూ కూర్చోలేదు. కాగితం, కలం తీసుకుని న్యూయార్క్‌ పోస్ట్‌ పత్రికకు ఉత్తరం రాసింది. పోలీసులను తప్పుపట్టింది. తన కొడుకు స్వలింగ ప్రేమికుడనీ, తనకు వాడంటే ప్రాణమనీ దాచకుండా చెప్పింది. సొంత పేరుతో! స్కూలు టీచరు, 1972లో!

రెండు నెలలు గడిచాయి. జూన్‌ 25, ఆదివారం. న్యూయార్క్‌లో గేలు, లెస్బియన్లు ఏటా చేసే ఊరేగింపుకి రమ్మని మోర్టీ అడిగాడు. వస్తానంది, కానీ ఒక షరతు మీద... చేతిలో ఏదైనా రాసిన అట్ట ఉండాలి. ఊరికే నడిస్తే ఆవిడెవరో ఎవరికి తెలుస్తుంది? స్వలింగ ప్రేమికుల తల్లిదండ్రులారా, మన పిల్లలకు అండగా ఏకం కండి అని అర్థమొచ్చేలా ఓ అట్టముక్క మీద రాసుకుని కొడుకు పక్కన నడిచింది.

జనం ఒకటే కేకలు, చప్పట్లు. పిల్లల పెంపకం మీద పుస్తకం రాసిన ప్రసిద్ధ డాక్టర్‌ బెంజమిన్‌ స్పాక్‌ కూడా దగ్గర్లోనే నడుస్తున్నాడు. ఆ చప్పట్లు ఆయనకేననుకుంది జీన్‌. కాదు, ఆవిడకే. కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నారు. కొందరు ఏడ్చారు. చాలామంది అడిగింది ఒక్కటే... మా అమ్మానాన్నలతో ఒక్కసారి మాట్లాడతారా అని. తర్వాత ఇంటికి ఫోన్లు మొదలయ్యాయి. అందరితో ఫోన్లో మాట్లాడటం అయ్యే పని కాదు కదా. తల్లిదండ్రులందరినీ ఒకచోట కూర్చోబెడితే?

1973 మార్చిలో గ్రీనిచ్‌ విలేజ్‌లోని ఓ మెథడిస్టు చర్చిలో తొలి సమావేశం జరిగింది. వచ్చింది ఇరవైమంది దాకా. ఇప్పుడు పీఫ్లాగ్‌ అనే పేరుతో అమెరికా అంతటా వందలాది శాఖలున్న సంస్థకు మొదలు అదే.

అలాంటి చోట ఏం చేస్తారు? పెద్ద ఉపన్యాసాలేం ఉండవు. కుర్చీలు గుండ్రంగా వేసుకుంటారు. నిన్నగాక మొన్న విషయం తెలిసి కళ్లు వాచిపోయిన తల్లి పక్కన, పదేళ్ల కిందట అలాగే ఏడ్చి ఇప్పుడు కొడుకు స్నేహితుడి పుట్టినరోజుకి కేకు కొంటున్న తల్లి కూర్చుంటుంది. మొదటావిడకు కావలసింది ఆ రెండో ఆవిడే. డాక్టరు చెప్తే సగం నమ్ముతారు. అదే కడుపుకోత పడ్డ మనిషి చెప్తే పూర్తిగా నమ్ముతారు.

ఎందుకంటే పిల్లలు నిజం చెప్పేసి కాస్త తేలికపడతారు. ఆ బరువు తీసుకొచ్చి అమ్మానాన్నల నెత్తిన పెట్టినట్టవుతుంది. పెంపకంలో లోపమా? హాస్టల్లో వేయడం తప్పా? ఎవరి దిష్టి? ఎవరితోనూ చెప్పుకోలేక నలిగిపోతారు. ఆఖరికి మన ఇళ్లలో తేలే పరిష్కారం ఒకటే... పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి! సర్దుకోవు. ఇంకో ఇంటి ఆడపిల్ల బతుకు కూడా అందులో పడుతుంది. ఆ అమ్మాయి గురించి ఎవరూ ఆలోచించరు. మార్చేస్తామని మందులిచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లడమూ దండగే. అలాంటి 'వైద్యం' వృత్తిపరమైన తప్పిదమని 2022లో మన జాతీయ వైద్య కమిషనే చెప్పింది.

కూతుళ్లయితే మరీ కష్టం. మదురైకి చెందిన ఇద్దరు అమ్మాయిలు ప్రేమించుకుని 2021లో చెన్నై వెళ్లిపోయారు. తల్లిదండ్రులు కనబడటం లేదంటూ పోలీసు కేసులు పెట్టారు. విషయం మద్రాసు హైకోర్టుకి చేరింది. జస్టిస్‌ ఆనంద్‌ వెంకటేశ్‌ తీర్పు చెప్పే ముందు ఆ అమ్మాయిలనూ తల్లిదండ్రులనూ కౌన్సెలర్‌ దగ్గరికి పంపారు. అంతేనా, తనకూ ఈ విషయం సరిగ్గా తెలియదని ఒప్పుకుని తానూ ఓ సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. హైకోర్టు జడ్జిగారే నేర్చుకోవడానికి నామోషీ పడనప్పుడు మామూలు తండ్రికి ఎందుకు?

మన దేశంలోనూ జీన్‌ లాంటి అమ్మలున్నారు. 2015లో ముంబయిలో పద్మా అయ్యర్‌ కొడుకు హరీశ్‌కి వరుడు కావాలంటూ పత్రికలో ప్రకటన ఇచ్చారు. కొన్ని పత్రికలు వేయలేమన్నాయి. మిడ్‌డే వేసింది. అందులో అయ్యర్‌ అయితే మరీ మంచిదన్న ముక్క చూసి కొందరు నవ్వారు, కొందరు మండిపడ్డారు. సంబంధాలు వెతికే అమ్మ అచ్చంగా అమ్మలాగే ఉంది మరి! 2017లో ఇలాంటి తల్లిదండ్రులు ముంబయిలో 'స్వీకార్‌' అనే బృందంగా కలిశారు. పరస్పర అంగీకారంతో ఉన్న సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత పెళ్లి హక్కు కేసు నడుస్తుండగా, 2023లో స్వీకార్‌ తరఫున 400 మందికి పైగా తల్లిదండ్రులు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. తాము ముసలివాళ్లమవుతున్నామనీ, కళ్ల ముందే పిల్లల పెళ్లికి చట్టం ముద్ర పడితే చూడాలని ఉందనీ అందులో సారాంశం. అదే ఏడాది అక్టోబరు 17న వచ్చిన తీర్పు ఆ హక్కు ఇవ్వలేదు.

ఆ కేసులో మొదటి పేరు హైదరాబాద్‌లో ఉంటున్న సుప్రియో చక్రవర్తిది. ఆయనా అభయ్‌ డాంగూ 2021 డిసెంబరులో నగర శివార్లలో వేడుక చేసుకున్నారు. పసుపు, మెహందీ, సంగీత్‌ అన్నీ జరిగాయి. బెంగాలీ, పంజాబీ పద్ధతులు రెండూ కలిపారు. ఇరువైపుల పెద్దలూ వచ్చారు. రిజిస్ట్రారు సంతకం లేదన్న మాటేగానీ వచ్చినవాళ్లకు అది పెళ్లే.

అందరూ ఊరేగింపుల్లో నడవాల్సిన పనిలేదు. సంక్రాంతికి ఇంటికొచ్చిన కూతురు తిరిగి వెళ్లేటప్పుడు అరిసెలు ఒక డబ్బాలో కాకుండా రెండు డబ్బాల్లో కట్టిస్తే చాలు, ఆ అమ్మాయికి అంతా అర్థమవుతుంది. ఫొటో పట్టుకొచ్చిన మేనత్తతో 'వాడి పెళ్లి ఊసు ఎత్తకు వదినా, వాడి బతుకు వాడు చక్కగా బతుకుతున్నాడు' అని అమ్మే అనేస్తే, ఆ మాట కొడుకు అనక్కర్లేకుండా పోతుంది. డబ్బు సంగతులూ మర్చిపోకూడదు. కలిసి ఉండే ఇద్దరు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖ స్పష్టంచేసింది. ఆస్తి మాత్రం వీలునామా రాసుకుంటేనే భద్రం. చట్టం దృష్టిలో ఆ ఇద్దరూ ఇప్పటికీ ఏమీ కారు. నాన్న ఈ విషయం ఎత్తి, వకీలు దగ్గరికి తోడు వెళ్తే అంతకన్నా ఏం కావాలి.

మోర్టీ తర్వాత లాయరయ్యాడు. 1992లో ఎయిడ్స్‌తో చనిపోయాడు. అప్పటికి 41 ఏళ్లు. మరుసటి ఏడాది వాళ్ల క్వీన్స్‌లో తొలిసారి ఊరేగింపు జరిగింది. చీరల దుకాణాలూ మన కిరాణా కొట్లూ ఉండే జాక్సన్‌హైట్స్‌లో. అడగడానికి ఈసారి కొడుకు లేడు. ఊరేగింపు ముందు నడిచింది మాత్రం 72 ఏళ్ల జీనే.