బొమ్మలు పెరిగితే రోగులు పెరిగినట్టా?



కృత్రిమ మేధ చేత కణజాల చిత్రాలను పుట్టించడం ఇవాళ సాధ్యమే. హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులద్దిన అసలు స్లైడు ఏదో, యంత్రం గీసినది ఏదో పోల్చుకోవడం నిపుణులకు సైతం చాలాసార్లు కష్టం. "రోగుల చిత్రాలు చాలినన్ని దొరకవు, గోప్యత ఒక చిక్కు, కనుక కావలసినన్ని పుట్టించుకుందాం" అనే వాదం వినసొంపుగానే ఉన్నది. కాని అందులో ఒక లెక్క తప్పుతున్నది.

మన శ్రీ సిటీ నుంచే ఉదాహరణ చెబుతాను. పెద్దపేగు కాన్సరులో కణకేంద్రకాలను వర్గీకరించే ఆర్‌సీసీనెట్ అనే నమూనాను అక్కడి ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2018లో ప్రకటించారు. మెచ్చదగిన పని, అందులో చిత్రాలను పుట్టించిందీ లేదు. దానికి ఆధారం ఇంగ్లండులోని వారిక్ విశ్వవిద్యాలయం వారు 2016లో వెలువరించిన చిత్రసంచయం: నాలుగు తరగతులుగా గుర్తించిన 22,444 కేంద్రకాలు. సంఖ్య ఘనమే. మరి అవన్నీ ఎందరి శరీరాల నుంచి వచ్చాయి? తొమ్మిదిమంది నుంచి!

ఆ తొమ్మిదిమందిని చూసి నేర్చుకున్న యంత్రం రేపు లక్ష చిత్రాలు గీసిందనుకుందాం. పదో రోగి ఎక్కడి నుంచి వస్తాడు? సత్యవేడు నుంచో మదనపల్లె నుంచో వచ్చిన మనిషి కణజాలం, మన ప్రయోగశాలలో కోత మందం, రంగు పట్టిన తీరు యంత్రానికి ఎలా తెలుస్తాయి? పాలలో నీళ్ళు కలిపితే చెంబులు పెరుగుతాయి గాని పాడిగేదెలు పెరగవు.

అంతకన్నా పెద్ద ప్రమాదమూ ఉన్నది. ఒక రకం మెదడు స్కానును మరో రకంగా మార్చే యంత్రాలకు శిక్షణలో కణితుల పాళ్ళు తారుమారైతే, ఉన్న కణితిని చెరిపివేయగలవనీ, లేనిదాన్ని చేర్చగలవనీ 2018లోనే పరిశోధకులు చూపించారు. ఇక గోప్యత అంటారా? శిక్షణలో చూసిన చిత్రాన్నే యంత్రం దాదాపు యథాతథంగా తిరిగి గీయగలదని 2023లో తేలింది.

అరుదైన తరగతుల కొరత కొంత పూడ్చడానికి, విద్యార్థుల అభ్యాసానికి ఈ బొమ్మలు పనికివస్తాయి, కాదనను. పరీక్ష మాత్రం యంత్రం ఎన్నడూ చూడని రోగుల అసలు స్లైడ్ల మీదనే జరగాలి. ఎన్ని చిత్రాలో చెప్పే ప్రతి పత్రమూ ఎందరు రోగులో కూడా చెప్పాలి.

తిరుపతిలో స్విమ్స్ ఉన్నది. 2022లో ప్రారంభమైన కాన్సరు ఆసుపత్రి ఉన్నది. రోగి సమ్మతి అడిగి, పేరు తొలగించి, స్లైడ్లను గుర్తించిపెట్టే వైద్యుల శ్రమకు తగిన ప్రతిఫలమిచ్చి సంచయం కూర్చడం నిదానమైన పనే. ఆ పని తప్పించుకోవడానికి బొమ్మలు గీయించుకుంటే, దాని మూల్యం చెల్లించేది తప్పుడు నివేదిక అందుకున్న రోగి.

కాదనేవారు వాదించండి, వింటాను.