గిర్మాయ్ గెలిచాడు.. మరి తలుపు తెరుచుకుందా?

2024 జులై 1, ఇటలీలోని ట్యూరిన్. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు మూడో రోజు. 230 కిలోమీటర్లు తొక్కి వచ్చిన గుంపులోంచి ఎరిత్రియా కుర్రాడు బినియామ్ గిర్మాయ్ అందరికంటే ముందు గీత దాటాడు. 1903లో మొదలైన ఈ పోటీలో నల్లజాతి ఆఫ్రికన్ ఒక స్టేజ్ గెలవడం అదే మొదటిసారి. 2007లో స్టేజ్ గెలిచిన రాబీ హంటర్ కూడా ఆఫ్రికా వాడే, కానీ దక్షిణాఫ్రికా తెల్లజాతీయుడు.

గిర్మాయ్ అక్కడితో ఆగలేదు. అదే టూర్‌లో మరో రెండు స్టేజ్‌లు గెలిచాడు. 16వ స్టేజ్‌లో కింద పడి దెబ్బలు తగిలినా రేసు వదల్లేదు. చివరికి 387 పాయింట్లతో గ్రీన్ జెర్సీ అతనిదే అయింది. బెల్జియం స్టార్ యాస్పర్ ఫిలిప్సెన్ 354 దగ్గర ఆగిపోయాడు.

ఎరిత్రియా ఎక్కడో కాదు, సౌదీ, యెమెన్‌లకు ఎదురుగా ఎర్ర సముద్రం అవతలి ఒడ్డు. అక్కడికి సైకిల్ రేసులు ఇటలీ పాలనలో వచ్చాయి. మొదట్లో ఆ పోటీల్లో స్థానికులకు చోటే లేదు. పాలకులు పోయారు గానీ సైకిల్ మిగిలింది, ఇప్పుడు అది వాళ్ల జాతీయ క్రీడ లాంటిది. రాజధాని అస్మరా సముద్రమట్టానికి 2,300 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తులో తొక్కి పెరిగిన పిల్లలకు ఊపిరి బలం సహజంగానే ఎక్కువ. 2015లోనే డేనియల్ తెక్లెహైమనోత్ టూర్‌లో కొండల వీరుడి చుక్కల జెర్సీ వేసుకున్నాడు.

ప్రతిభకు కొదవ లేదన్నమాట. మరి గెలుపుకు ఇన్నేళ్లు ఎందుకు పట్టింది?

జవాబు స్ప్రింట్ నడిచే తీరులోనే ఉంది. స్ప్రింటర్ తన బలం చూపించేది ఆఖరి 200 మీటర్లలో, గంటకు దాదాపు 70 కిలోమీటర్ల వేగంతో. అప్పటిదాకా జట్టువాళ్లు ముందుండి గాలిని కాస్తారు, అతన్ని సరైన చోటికి చేరుస్తారు. అంటే ఒక్కడి గెలుపు వెనక ఒక జట్టు, దానికి డబ్బు పెట్టే స్పాన్సర్, ఏడాది పొడవునా యూరప్‌లో రేసులు ఉండాలి. ఇవన్నీ ఉన్నది యూరప్‌లోనే. అక్కడికి వెళ్లాలంటే వీసా కావాలి. అది రాకపోవడం వల్లే రేసులకు దూరమైన ఆఫ్రికా రైడర్లు తక్కువేం కాదు.

వడ్రంగి కొడుకైన గిర్మాయ్‌కి దారి చూపింది స్విట్జర్లాండ్‌లోని ఏగ్ల్‌లో ఉన్న ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య శిక్షణ కేంద్రం. అక్కడి నుంచి ఫ్రాన్స్ జట్టుకు, 2021లో బెల్జియం జట్టు ఇంటర్‌మార్షేకి వెళ్లాడు. 2022లో గెంట్-వెవెల్గెమ్ రేసు గెలిచి సంచలనం సృష్టించాడు. ఆ తర్వాతి పెద్ద రేసుకు ఉండమని అంతా అడిగారు. అతను మాత్రం భార్యను, చిన్న కూతురిని చూడటానికి ముందే అనుకున్న ప్రకారం ఇంటికి వెళ్లిపోయాడు. నెలల తరబడి ఇల్లు వదిలి ఉండటమంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఆ నిర్ణయం అర్థమవుతుంది.

అదే ఏడాది ఇటలీ గిరోలో ఓ స్టేజ్ గెలిచి, వేదిక మీద సీసా తెరుస్తుంటే బిరడా ఎగిరి కంటికి తగిలింది. రేసే వదులుకోవాల్సి వచ్చింది.

స్ప్రింటర్ జీవితం ఇంత సున్నితం. 2025లో అతనికి ఒక్క గెలుపూ దక్కలేదు. టూర్ తొలి రోజు ఫిలిప్సెన్ వెనక రెండో స్థానమే దక్కింది. ఏడాది చివరికి అతని జట్టు మరో బెల్జియం జట్టు లొట్టోతో కలిసిపోయింది. 2028 దాకా ఒప్పందం ఉన్నవాడు కూడా కొత్త జట్టు వెతుక్కోవాల్సి వచ్చింది. అంత పేరున్నవాడి పరిస్థితే ఇదైతే, పేరు లేని కుర్రాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

2025 సెప్టెంబర్‌లో ప్రపంచ రోడ్ సైక్లింగ్ పోటీలు మొదటిసారి ఆఫ్రికాలో, రువాండా రాజధాని కిగాలీలో జరిగాయి. మంచి అడుగే. అయితే వారం రోజుల పండుగ అయిపోయాక రైడర్ రోజూ తొక్కాల్సిన రేసులు మళ్లీ యూరప్‌లోనే ఉన్నాయి. ఆఫ్రికా గడ్డ మీదే పెద్ద రేసులు, జీతమిచ్చే జట్లు, పల్లెల దాకా వెళ్లే శిక్షణ వచ్చేదాకా గిర్మాయ్ ఒక్కడి మెహనత్ ఎందరికని దారి వేస్తుంది? ట్యూరిన్ గెలుపు విలువ తేలేది అతని వెనక ఇంకెందరు వచ్చారన్న లెక్కతోనే.