భుజం మీది తారాజువ్వ

దీపావళినాడు తారాజువ్వ అంటించిన పిల్లవాణ్ణి "వెనక్కు రారా!" అని కేకవేస్తాము. ఆ జువ్వనే భుజాన పెట్టుకుని, చెంప ఆనించి, కదలకుండా అంటించమంటే? రెండవ ప్రపంచయుద్ధంలో జర్మను సిపాయిలకు అప్పగించిన పని ఇంచుమించు అదే.

1943 తొలి నెలలలో ట్యునీసియాలో అమెరికావారి బజూకాలు జర్మనుల చేతికి చిక్కినవి. బజూకా అనగా మనిషి భుజాన మోసి రాకెట్టు పేల్చే గొట్టము. దాని లోపలి వెడల్పు 60 మిల్లీమీటర్లు. జర్మనులు దానిని 88కి పెంచి, అయిదడుగులు దాటిన పొడవుతో కొత్త గొట్టం తయారుచేశారు. పేరు పాంజర్‌ష్రెక్, ట్యాంకుల పాలిటి భయమని అర్థం. రాకెట్టులోని మందు మధ్య గరాటువంటి బోలు ఉండడంచేత పేలుడు బలమంతా ఒక మొనగా కూడి దళసరి ఉక్కును తొలిచేది.

సిపాయిలు మాత్రం దానిని "పొయ్యి పొగగొట్టం" అన్నారు. ఆ పేరులోనే వారి అవస్థ ఉన్నది. రాకెట్టు గొట్టం విడిచాక కూడా రెండు మీటర్ల దాకా మండుతూ పోయేది. ఆ మంట పేల్చినవాని మొగానికే కొట్టేది. అందుచేత వారు విషవాయువుకు తొడిగే ముసుగు తగిలించుకుని, ఒళ్లంతా కప్పుకుని పేల్చేవారు. 1944లో గొట్టానికి ఒక రేకు అడ్డు, అందులో చూపుకు చిన్న కిటికీ అమర్చారు. దానితో బరువు 11 కిలోలయింది. గురి తప్పకూడదంటే ట్యాంకును 150 మీటర్ల లోపుకు రానివ్వాలి. పేల్చగానే లేచే పొగ, మనిషి ఎక్కడున్నాడో శత్రువుకు చెప్పేది.

1944 అక్టోబరులో 16 మొదలు 60 ఏండ్ల వరకు మగవారిని పిలిచి, ఇంకా చవుకైన పాంజర్‌ఫౌస్ట్ అనే ఆయుధం చేతికిచ్చి ట్యాంకుల కెదురు పంపారు. ఆయుధంతోపాటు ప్రాణమూ చవుకయింది.

మనలో చాలామందికి చుట్టాలున్న హైదరాబాదులో 1970లో స్థాపించిన భారత్ డైనమిక్స్ సంస్థ, ఫ్రెంచి-జర్మను నమూనా అయిన మిలాన్ క్షిపణిని మన సైన్యానికి తయారుచేసింది. అందులో క్షిపణిని మొదట వాయుబలం గొట్టంనుంచి బయటికి నెడుతుంది. మనిషికి కొంత దూరం పోయాకగాని దాని అసలు మందు అంటుకోదు. ఆపైన సన్నని తీగద్వారా నడిపించి సుమారు రెండు కిలోమీటర్ల దూరాన ఉన్న ట్యాంకును కొట్టవచ్చును.

చంపే సాధనమే అయినా, దానిని పట్టినవాడూ ఒక తల్లి బిడ్డే. మన ఇళ్లనుంచీ కుర్రవాళ్లు సైన్యంలో చేరుతున్నారు. కొత్త ఆయుధం వచ్చిందని పత్రికలో చదివినప్పుడు, మోసేవానికి అడ్డేమున్నదని కూడా అడుగుదాము.